దీర్ఘం లేని దివెన

జయమణి చేతి దెబ్బ తిన్నవాళ్లందరినీ పిలిచి నిలబెడితే నందిగామ బస్టాండు చాలదని ఆమె మరిది మోజెస్ అంటూ ఉంటాడు. ఆ మాట అనే హక్కు అతనికి బాగానే ఉంది. అతని ఎడమ కనుబొమ్మను అడ్డంగా చీల్చిన కుట్ల గుర్తు ఒకటుంది. గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు కూర్చున్నప్పుడల్లా వదిన గుర్తుకొస్తుంది.

ఆమెను మంచి మనిషిగా దిద్ది చెప్పాల్సిన పనేమీ లేదు. కోపం వస్తే కొట్టేది, కొట్టాక చెయ్యి దులుపుకుని పనిలో పడేది. ఆ చెయ్యి మొదటిసారి లేచింది చందర్లపాడు దగ్గర, మిరపచేలో. అప్పటికి ఆమె ఇంకా పావడాలు కట్టే పిల్ల. కాయ తక్కువ తూగిందని మేస్త్రీ అందరి ముందూ వాళ్లమ్మ చెంప మీద కొట్టాడు. పిల్ల పండు మిరపకాయలు రెండు గుప్పిళ్లు తీసుకుని, బాగా పిసికి, కాటా మీదికి వంగి ఉన్న మేస్త్రీ కళ్లలో పులిమేసింది. అతను గట్టు మీద పడి చేపలా కొట్టుకున్నాడు. అతని కళ్లు కడగడానికి చేనంతా పరిగెత్తింది గాని, వాళ్లమ్మ చెంప ఎలా ఉందని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఇంటికొచ్చాక అదే అమ్మ చీపురు తిరగేసి పిల్ల వీపు చీరేసింది. ఆ ఏడంతా వాళ్లను కోతకు ఎవరూ పిలవలేదు మరి.

పెద్దయ్యాక పికప్ బండి డ్రైవరు ఫ్రాన్సిస్‌కి ఇచ్చి చేశారు. పెళ్లయిన కొత్తలో అతనొకసారి తాగొచ్చి ఆమెను కొట్టాడు. ఒక్కసారే. ఆమె మూలనున్న రోకలి అందుకుంది. తర్వాత కొన్నాళ్లు అతను స్టీరింగ్ తిప్పలేక ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ కొన్నాళ్లలో ఏం ఆలోచించుకున్నాడో గాని, భుజం నయమయ్యాక ఎండాకాలంలో మున్నేరు ఇసుకలోకి తీసుకెళ్లి ఆమెకు బండి నడపడం నేర్పాడు. భయపడి నేర్పాడని మోజెస్ అంటాడు. ప్రేమతో నేర్పాడని జయమణి అంటుంది. ఏదైతేనేం, క్లచ్ వదలడం దగ్గర్నుంచి ఘాట్ రోడ్డు దిగడం దాకా అన్నీ నేర్పాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఫ్రాన్సిస్ పోయాడు. సమాధి మీద పూలు వాడకముందే మోజెస్ పెద్దమనుషుల్ని వెంటేసుకుని, ఇంటి స్థలంలో తనకూ వాటా ఉందంటూ వచ్చాడు. జయమణి టైరు విప్పే పెద్ద స్పానర్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పెద్దమనుషులు వెంటనే కాళ్లకు బుద్ధి చెప్పారు. మోజెస్ కాస్త ఆలస్యం చేశాడు. ఆ ఆలస్యం తాలూకు గుర్తే కనుబొమ్మ మీదిది. కుట్లు ఊడకముందే ఆమే వెళ్లి అతనికి అన్నం పెట్టింది. అతనూ తిన్నాడు. వెల్డింగ్ పని చేసే మనిషి, తర్వాత ఆమె బండికి అతుకులన్నీ వేసింది అతనే.

భర్త పోయాక కొన్నాళ్లు పరాయి బండ్లు నడిపింది. పరాయి బండి మీద చిన్న గీత పడ్డా సంజాయిషీ చెప్పుకోవాలి. ఆమెకు చెప్పుకోవడం రాదు, కొట్టడం వచ్చు. అందుకే ఎక్కడా నిలవలేకపోయింది. తనదంటూ ఒక బండి ఉంటే తప్ప తనకు బతుకు లేదని ఆమెకు గట్టిగా తోచింది.

నందిగామలో సిమెంటు వ్యాపారం చేసే నవీన్‌బాబు గోడౌన్ వెనక ఒక పాత టాటా 207 పికప్ పట్టా కప్పుకుని పడుందని విని వెళ్లింది. టైర్లు నేలకు అంటుకుపోయాయి. సామాను వేసే తొట్టికి వెనక డోరు లేదు. ఇనప ఊచల లోడు తగిలి విరిగిపోయిందని నవీన్‌బాబు చెప్పాడు. ముందు కుడి లైటు పసుపెక్కి ఉంటే ఎడమ లైటు మాత్రం తళతళలాడుతోంది. ఎడమ మడ్‌గార్డు మీద పుట్టీ దట్టంగా మెత్తి, పైన రంగు కొట్టి ఉంది. జయమణి వేలితో తట్టి చూసి, ఎక్కడో గట్టిగానే గుద్దారు బాబుగారూ అంది. గేదె అడ్డం వచ్చిందిలే అన్నాడు నవీన్‌బాబు. ఆ వంకతో ఆమె బేరం దింపింది. పైసా దగ్గర ప్రాణం తీసే మనిషి, ఎందుకో గట్టిగా పట్టుబట్టలేదు. ఆమె మెడలో గొలుసు, చెవుల దుద్దులు పోయి బండి వచ్చింది. అదీ తన కాళ్ల మీద రాలేదు, మోజెస్ మరో బండికి తాడు కట్టి లాక్కొచ్చాడు.

అక్కణ్నుంచి ఆమెకూ ఆ బండికీ యుద్ధం. చేతిలో కిరాయి డబ్బు పడినప్పుడల్లా ఒక్కో ముక్క మార్చింది. ముందు ఇంజను విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి వచ్చింది. తర్వాత క్లచ్ ప్లేటు, రేడియేటరు. కమాను పట్టీల్లో విరిగినవి తీసి మంచివి వేశారు. తొట్టి అడుగు రేకు తుప్పుతో జల్లెడైపోతే కోసి పారేసి, కొత్త రేకు పరిచారు. తుప్పు పట్టిన బోల్టు మర్యాదగా ఊడదు. పాత బండి ఒంట్లో కొత్త ముక్క మర్యాదగా కూర్చోదు. ఆమె వాటిని తిట్టి, తన్ని, సుత్తితో బాది కూర్చోబెట్టేది. ఒకసారి స్పానర్ జారి బొటనవేలి గోరు లేచిపోతే, గుడ్డ చుట్టుకుని ఆ కోపంతోనే మిగతా బోల్టులన్నీ ఊడదీసింది.

ఎడమ మడ్‌గార్డు కూడా ఆమే చేసింది. పుట్టీ గీకేసరికి లోపల పెద్ద సొట్ట బయటపడింది, పసిపిల్లను పడుకోబెట్టగలిగినంత లోతు. రేకు వెనక దిమ్మె ఆనించి, ముందు నుంచి సుత్తితో నెమ్మదిగా కొట్టుకుంటూ పోయింది. మెకానిక్కు అయితే మళ్లీ పుట్టీ మెత్తి చేతులు దులుపుకునేవాడు. ఆమె అలా ఒప్పుకోలేదు. చేత్తో నిమిరితే ఎత్తుపల్లం తెలియకుండా అయ్యేదాకా కొట్టింది. ఆ పని మీద ఆమెకు ఎంత గర్వమంటే, వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని తెచ్చి అక్కడ నిమిరించేది.

నందిగామలో ట్రాలీ బండ్లవాళ్ల అడ్డా ఒకటుంది. ఆడమనిషి వచ్చి కిరాయిలు పట్టుకుపోవడం వాళ్లకు మింగుడుపడలేదు. మొదట నవ్వారు. తర్వాత ఆమె బండి అద్దం మీద బూతులు రాశారు. చివరికి టైర్లు కోశారు. ఆమె ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. అడ్డాలో నిలబడి టీ తాగుతూ అందరి మొహాల్లోకీ చూసింది. ఒకడు మాత్రం ఆమె చూపు తప్పించి గ్లాసులోకి చూసుకున్నాడు. అతని మణికట్టు పట్టి ఈడ్చుకెళ్లి, చెయ్యి తన బండి తలుపు సందులో పెట్టి, తలుపు విసిరి వేసింది. వేళ్లు విరిగిన చప్పుడు అవతలి కొట్టువాళ్లకు కూడా వినిపించింది. పాస్టరుగారు నడుమ పడి రాజీ చేశారు. ఆ ఆదివారం ప్రసంగమంతా రెండో చెంప చూపించడం గురించే సాగింది. జయమణి ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నది, చివర్లో ఆమెన్ కూడా అంది.

ఇన్ని జరిగినా తొట్టికి వెనక డోరు మాత్రం అమరలేదు. కొత్తది చేయించాలంటే డబ్బు చాలదు. చెక్క అడ్డం పెట్టి తాడు కట్టేది. కంచికచర్ల దగ్గర ఆ తాడు తెగి మిరపకాయల టిక్కీ బస్తా ఒకటి రోడ్డు మీద పడి, వెనకొచ్చే మోటార్‌సైకిలు మనిషి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ రోజు ఆమె మొదటిసారి ఎవర్నీ కొట్టకుండా, అతని చేత తిట్లు తిని ఊరుకుంది. మర్నాడే జగ్గయ్యపేట వెళ్లింది.

పేటలో బెన్ని అనే అతనిది తుక్కు దుకాణం. ఇనుము గుట్టలో వెతుకుతుంటే ఒక 207 డోరు కనిపించింది. ఆకుపచ్చ రంగు, అటూ ఇటూ రెండు చిలకలు, నడుమ పెద్ద అక్షరాలతో ‘అమ్మ దివెన’ అని రాసి ఉంది. ‘దీ’ రాయాల్సినచోట పెయింటరు గుడి పెట్టి దీర్ఘం ఇవ్వడం మరిచిపోయాడు. ఏడో తరగతితో బడి మానేసిన జయమణికి కూడా ఆ తప్పు కనిపించి నవ్వొచ్చింది. బెన్ని కుంచె తెచ్చి, ఒక్క గీతే కదక్కా, ఇప్పుడే దిద్దేస్తా అన్నాడు.

"వద్దులే. రంగు వేయించేటప్పుడు అంతా ఒకేసారి చేయిస్తా. అయినా మనకొచ్చిన దీవెనలన్నీ పొట్టివేగా" అంది జయమణి.

ఇంటి దగ్గర మోజెస్ వెల్డింగ్ సెట్టూ సుత్తీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. వేరే బండి డోరు కాబట్టి మడతబందులు కోసి మళ్లీ అతకాల్సి వస్తుందని ఇద్దరూ అనుకున్నారు. ఎత్తి పెట్టేసరికి బండి బందుల కన్నాలూ డోరు బందుల కన్నాలూ ఒకదానికొకటి ఎదురొచ్చాయి. పిన్ను నూనె రాసినట్టు జారి కూర్చుంది. మోజెస్ సుత్తి కింద పెట్టేసి, వదినా, ఇది మన బండికే పుట్టినట్టుందే అన్నాడు. ఆమె ఆ డోరు రెండుసార్లు తెరిచి మూసింది. ఇంత పోరాటంలో ఒక్కటైనా తన్నకుండా తిట్టకుండా వచ్చిందని సంతోషపడి, మోజెస్‌కి కోడికూర వండిపెట్టింది.

తర్వాత కొద్ది రోజులకే, పత్తి తీసే సమయంలో, చిల్లకల్లు దాటాక హైవే దిగి లోపలికి వెళ్లే ఒక ఊళ్లో పత్తి నింపిన పెద్ద సంచులు, బోరాలు ఎక్కించే కిరాయి తగిలింది. ఆ ఊరు ఆమెకు కొత్త. బండ్ల వెనక రాసినవి చదవడం ఆ ఊరి మనుషులకు అలవాటని ఆమెకు తెలియదు.

ఊరి మొదట్లో ఒక మోటార్‌సైకిలు ఆమెను దాటబోయి ఆగిపోయింది. మళ్లీ వెనకపడింది. ఇంకో రెండు కలిశాయి. ఎదర ఇరుకు సందులో ఎవరో ట్రాక్టరు అడ్డం పెట్టారు. సతీష్‌బాబు అనే కుర్రాడు వచ్చి తలుపు కొట్టి, ఈ బండి నీదేనా అని అడిగాడు. నాదే అంది. రెండో మాట లేకుండా ముందద్దం మీద రాయి పడింది. గాజు ముక్కలు ఆమె ఒళ్లోకీ జాకెట్లోకీ వచ్చిపడ్డాయి. జుట్టు పట్టి కిందికి లాగారు.

ఎందుకు కొడుతున్నారో తెలియకపోయినా తిరిగి కొట్టడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. పడుతూ పడుతూ సీటు కింది జాకీ రాడ్డు అందుకుంది. మొదటి దెబ్బకు ఎవరిదో మణికట్టు విరిగింది. ఇంకొకడి చెవి ఆమె పళ్ల మధ్య చిక్కింది, వాడు గింజుకుని సగం వదిలేసి పారిపోయాడు. కానీ మనుషులు వస్తూనే ఉన్నారు. రాడ్డు లాగేసుకున్నారు. పక్కటెముకల్లో తన్నారు. ముందు పన్ను ఒకటి విరిగి నాలుక కింద గుచ్చుకుంది. ఏ ఊరే నీది, ఎవరి తాలూకు అని ఎవరో అడిగారు. నందిగామ, చర్చి వెనక పేట అంది. ఆ మాట విన్నాక ఆ చేతులకు మిగిలిన కాస్త మొహమాటం కూడా పోయింది. వేరే పేట మనిషైతే పోలీసులు వచ్చేదాకా ఆగేవాళ్లేమో, ఆమె విషయంలో ఆగాలని ఎవరికీ అనిపించలేదు.

సంగతి ఆమెకు దెబ్బల నడుమ ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఈ ఊళ్లో భవానీప్రసాద్ మాస్టారు అని రిటైరైన తెలుగు పండితుడు ఉన్నారు. కొన్నేళ్ల కిందట ఆయన ఒక్కగానొక్క కూతురు గీతాంజలికి ఈ రోడ్డు మీదే స్కూటీ నేర్పుతుంటే ఒక పికప్ బండి వచ్చి గుద్దేసి, ఆగకుండా పోయింది. బిడ్డ అక్కడికక్కడే పోయింది. ఆయన ఆ బండి వెనక భాగం చూశారు. నంబరు చూడలేదు. బతుకంతా పిల్లల తప్పులు దిద్దిన కన్ను, కూతురు గాల్లోకి ఎగిరిపడుతున్న ఆ క్షణంలో కూడా ‘ది’ దగ్గరే ఆగిపోయింది. పోలీసులకు ఆయన ఇవ్వగలిగిన ఆనవాలు ఆ ఒక్క అక్షరమే. తనను తాను తిట్టుకోని రోజు లేదు ఆయనకు. అప్పట్నుంచి సతీష్‌బాబు, అంటే ఆయన తమ్ముడి కొడుకు, ఊరి కుర్రాళ్లు, హైవే మీద టీ కొట్టువాళ్లు, అందరూ బండ్ల వెనక చదువుతూనే ఉన్నారు.

మాస్టారు వచ్చారు. జనం పక్కకు తప్పుకున్నారు. ఆయన జయమణి వైపు చూడకుండా నేరుగా బండి వెనక్కి వెళ్లి, ‘ది’ మీద వేలు పెట్టి, దీర్ఘం ఉండాల్సిన చోట ఖాళీని ఆ వేలితో తడిమారు. తర్వాత తిరిగి వచ్చి కాలి చెప్పు తీశారు. ఇద్దరు ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు. ముసలి చేతుల్లో అంత బలం ఉంటుందని ఎవరూ అనుకోరు. అలసిపోయేదాకా మొహం మీద కొట్టారు. ఆయన ఏడుస్తూనే కొట్టారు.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆమె నెత్తురు ఉమ్మేసి చెప్పింది. "డోరు పాత ఇనుములో కొన్నానండి. జగ్గయ్యపేటలో బెన్నిని అడగండి. నా ఫోన్‌లో నంబరుంది."

సతీష్‌బాబు ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టాడు. అవునండీ, ఈ మధ్యే అక్క నా దగ్గర కొనుక్కెళ్లింది, ఆకుపచ్చ డోరు, చిలకలవి అన్నాడు బెన్ని. అది ఎక్కణ్నుంచి వచ్చిందంటే మాత్రం చెప్పలేకపోయాడు. తుక్కు నాలుగు ఊళ్ల నుంచి వస్తుంది, ఏ ముక్క ఎవరిదో ఎవరు గుర్తుపెట్టుకుంటారని అడిగాడు.

పట్టుకున్న చేతులు వదిలేశాయి. ఇందాక తన్నినవాడే చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఒకావిడ కొంగు తడిపి ఆమె మొహం తుడవబోతే జయమణి ఆ చెయ్యి నెట్టేసింది. మాస్టారి చేతిలోంచి చెప్పు జారిపోయింది. దొరికిందనుకున్నది మళ్లీ చెయ్యిజారిపోయింది ఆయనకు. రెండు చేతులూ జోడించి, తప్పు చెయ్యని మనిషిని కొట్టానమ్మా అన్నారు. ఆమె లేచి నిలబడింది. రాడ్డు వెతికి తీసుకుంది. గొడవలో ఎవరో డోరు పిన్ను పీకేస్తే ఒక పక్కకు వేలాడుతోంది. ఎత్తి, కన్నంలో పిన్ను పెట్టింది. అది నూనె రాసినట్టు జారి కూర్చుంది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఈ బండిలో సుత్తి దెబ్బ లేకుండా కూర్చున్న ముక్క ఇదొక్కటే. పరాయి బండి డోరు ఇలా కూర్చోదు. మోజెస్ అన్న మాట, పుట్టీ, ఒక్కటే కొత్తగా ఉన్న ఎడమ లైటు, వరసగా గుర్తొచ్చాయి. గేదె అడ్డం వచ్చిందిలే అన్న నవీన్‌బాబు గొంతు చెవిలో మోగింది. ఆ పుట్టీ కింద తాను సుత్తి పట్టుకుని, అంత గర్వంగా చదును చేసిన సొట్ట గుర్తొచ్చింది. బండికి ఆనుకుని కక్కుకుంది. దెబ్బల వల్లే అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

ఇది తెలిసింది ఆమెకొక్కతికే. నోరు మూసుకుంటే బండి ఆమెది. నోరు తెరిస్తే బండి సాక్ష్యం, పోలీస్ స్టేషన్ ఆవరణలోకి పోతుంది. అక్కడికి పోయిన బండ్ల గతి ఆమె చూడనిది కాదు. బానెట్‌లోంచి జిల్లేడు మొలుస్తుంది, కేసు తేలేసరికి చక్రాలు మట్టిలో కలుస్తాయి. గొలుసు పోయింది, గోరు పోయింది, ఇన్నేళ్ల కష్టమంతా ఆ రేకుల్లో ఉంది. పైగా ఎవరికి చెప్పాలి? చెప్పుతో కొట్టినవాళ్లకా? వీళ్లకు చెప్పాల్సిన అగత్యం తనకేం పట్టిందనుకుంది. ఒళ్లంతా మండిపోతూ ఎక్కి కూర్చుని, పగిలిన ముందద్దంలోంచి గాలి మొహాన కొడుతుండగా బండి కదిలించింది. ట్రాక్టరు తీసి దారిచ్చారు.

పక్క అద్దంలో మాస్టారు కనిపించారు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలు ఉత్తది. రోడ్డు వారన మట్టిలో కూలబడి, పోతున్న బండి వెనకే చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. మళ్లీ చదువుకుంటున్నారు. బండి దూరమైనకొద్దీ చదువుతూనే ఉన్నారు.

సందు చివరిదాకా పోనిచ్చింది. అక్కడ బ్రేకు తొక్కి, స్టీరింగ్‌ను పిడికిలితో గుద్దింది. ఆ మీదట తన తలతో గుద్దింది. సందులో బండి తిప్పే చోటు లేదు. రివర్స్ గేరు వేసి, వచ్చిన దారంతా వెనక్కే నడిపింది. మాస్టారి దగ్గరికి మొదట వచ్చి చేరింది ఆ డోరే.

ఆమె దిగింది. "దండం పెట్టకండి మాస్టారూ. డోరు ఈ బండిదేనండి. బండి ఇదే."

ఎవరి దగ్గర కొన్నదీ, డోరు ఎలా కూర్చున్నదీ, లైటు సంగతీ, గేదె సంగతీ ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పడం పూర్తికాకముందే సతీష్‌బాబు మోటార్‌సైకిలు లోంచి పెట్రోలు సీసాలోకి వంచుకుని అగ్గిపెట్టె తీశాడు. రెండోసారి చేతిలోకి వచ్చిన రాడ్డును ఈసారి ఆమె వదల్లేదు. భుజం మీద దించితే అతని మెడ పక్క ఎముక పుటుక్కుమంది. సీసా పగిలి పెట్రోలు మట్టిలో ఇంకిపోయింది.

"తగలబెట్టు. ఆ బూడిద మోసుకెళ్లి కోర్టులో పొయ్యండి. నవీన్‌బాబు మీ మెడలో దండేస్తాడు" అంది అతని మీద నిలబడి. జనంలో ఒక్కరూ ముందుకు రాలేదు. పోలీసులు వచ్చేదాకా ఆమె బండి చుట్టూ రాడ్డుతో తిరుగుతూనే ఉంది, తన బండిని తానే పట్టిచ్చుకోవడానికి కాపలా కాస్తూ.

ఆ మధ్యలో మాస్టారు లేచి వచ్చి, ఎక్కడ తగిలిందమ్మా అని అడిగారు. ఆమె ఎడమ మడ్‌గార్డు చూపించింది. అక్కడ ఏమీ లేదు. నున్నగా ఉంది.

"సొట్ట ఇక్కడుండేదండి. నేనే తీసా. తెలీక తీసా."

ఆయన ఆ రేకు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయారు. వచ్చినవాళ్లందరి చెయ్యీ పట్టి అక్కడ నిమిరించిన మనిషి, ఆ ముసలాయన చెయ్యి చూడలేక తల తిప్పుకుంది.

నవీన్‌బాబును స్టేషన్‌కి పిలిపించారు. వెనక రాత పట్టిస్తుందని గుద్దిన రోజే డోరు పీకి గోడౌన్ మూలన పడేశాడనీ, తర్వాతెప్పుడో గోడౌన్ శుభ్రం చేయించిన గుమస్తా అతనికి చెప్పకుండానే దాన్ని తుక్కులో వేసేశాడనీ తేలింది. అదేం తేలకముందు అతను ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చుని, ఆ బండికి తగిలింది గేదేనని మళ్లీ అన్నాడు. బెంచీ మీదున్న జయమణి లేచింది. గేదెనా, అని అడిగింది. జుట్టు పట్టుకుని అతని మొహాన్ని బల్లకేసి కొట్టింది. గేదెనా, అని అడిగి మళ్లీ కొట్టింది. విడదీయడానికి ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టారు. అప్పటికి అతని ముక్కు ఒక పక్కకు ఒరిగిపోయింది. అతని మీద కేసుతో పాటు ఆమె మీదా కేసు రాశారు. అన్నిటికీ పశ్చాత్తాపపడ్డావా అని పాస్టరుగారు తర్వాత అడిగితే, అదొక్కటి తప్ప అయ్యగారూ అంది.

బండి స్టేషన్ ఆవరణలోకి పోయింది. ఆమె మళ్లీ పరాయి బండ్లు నడుపుతోంది. తనకు వాయిదా ఉన్న రోజు కోర్టు నుంచి అటు వెళ్లి బండిని చూసుకుంటుంది. వానాకాలం వెళ్లేసరికి చక్రాలు సగం దిగబడ్డాయి, తొట్టిలో గడ్డి మొలిచింది. రంగు పడకుండానే ఆగిపోయిన బండి కదా, ఒళ్లంతా తుప్పు అందుకుంది. అన్నిటికంటే ముందు ఆ మడ్‌గార్డుకు పట్టింది. సుత్తి పడి పలచనైన రేకు, సొట్ట ఉన్నంత మేరా గుండ్రంగా ఎర్రబారింది. పోయిన సొట్ట మళ్లీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

ఆమె తుప్పు ఆపే రంగు డబ్బా, గుడ్డ ముక్క తెచ్చుకుంది. మూత తీసేలోపే కాపలా కానిస్టేబులు వచ్చి, కోర్టు సొత్తు, దానిమీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఆ డబ్బా వాళ్ల నెత్తిన పడేది. ఆమె పళ్లు బిగపట్టి మూత పెట్టేసింది.

వెనక నుంచి భవానీప్రసాద్ మాస్టారు వచ్చారు. వాయిదాలకు ఆయనా వస్తారు. ఇద్దరూ ఒకే బస్సు దిగినా మాట్లాడుకోరు. ఆమె అప్పటికీ ఆయన్ను క్షమించలేదు, ఆయనా అడగలేదు. ఎర్రబారిన చోటు చూశారు.

"ఇటివ్వమ్మా. నన్నేమీ అనరు" అన్నారు.

కానిస్టేబులు ఆయన మొహం చూసి, బీడీ వెలిగించుకుంటూ గేటు వైపు వెళ్లిపోయాడు. మాస్టారు గుడ్డను రంగులో ముంచి, తన బిడ్డ తగిలిన చోట నెమ్మదిగా పూయడం మొదలుపెట్టారు. రంగు మోచేతి దాకా కారింది. అంచులు వదిలేస్తున్నారు, అక్కడ కూడా పుయ్యండి మాస్టారూ, లేకపోతే లోపల్నుంచి తినేస్తది అంది జయమణి. ఆయన తల ఊపి అంచులకూ పూశారు. పూత అయ్యేదాకా ఆమె డబ్బా పట్టుకుని పక్కనే నిలబడింది.